గాంధీ రోడ్డులో రాక్ రేటు

మన రాష్ట్రంలో ఏది కూలినా, కాలినా, కనబడకుండా పోయినా ముందు ఒక ఏకసభ్య కమిషన్ పుడుతుంది. రాక్ సంగీతం పడిపోయిందని నా మేనల్లుడు బాలాజీ కాలనీ టీ బంకు దగ్గర పదిమంది ముందు ప్రకటించి ఆరు నెలలైంది. ఇంతవరకు ఏ ప్రభుత్వమూ స్పందించలేదు. ఏ ప్రతిపక్షమూ వాకౌట్ చేయలేదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దామని క్యూలో నిలబడితే, ముందున్న పెద్దాయన ‘నీదేం సమస్య సామీ?’ అని అడిగాడు. చెప్పాను. ఆయన పక్కకు జరిగి, ‘నాది ఉత్త పొలం గట్టు తగాదా. ముందు నువ్వు పో’ అన్నాడు. ఆ జాలి చూశాక అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాను. గత్యంతరం లేక కమిషన్ బాధ్యత నేనే నెత్తికెత్తుకున్నాను. ఆ నెత్తి మీద వేరే బరువేమీ లేదు, వెంట్రుకలతో సహా. ఆ సంగతి తర్వాత.

విచారణాంశం ఒక్కటే. రాక్ సంగీతానికి మార్కెట్ ఉందా, ఉంటే తక్కిన సంగీతాల పక్కన దాని రేటెంత? సిట్టింగుకు రెండు టీలు, ఒక మసాలా వడ భత్యం. గడువు నెల రోజులు. పొడిగింపులు మూడు. కమిషన్ పూర్తిగా నిష్పాక్షికమైనది. చైర్మన్‌గారు 1990ల్లో ఎస్వీ యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఒక రాక్ బ్యాండులో గిటారు వాయించారన్న విషయం విచారణను ప్రభావితం చేయదని చైర్మన్‌గారే రూలింగ్ ఇచ్చారు.

మొదటి సాక్షి మేనల్లుడే. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. చెవుల్లోంచి ఆ తెల్ల బుడిపెలు తీయకుండానే వాంగ్మూలం ఇచ్చాడు.

‘మామా, అది 2017లోనే అయిపోయింది. అమెరికాలో జనం కొన్న, విన్న పాటల్లో ఆర్ అండ్ బీ, ర్యాప్ పాటల హిప్‌హాప్ కలిపి 24.5 శాతం. మీ రాక్ 20.8. పాటల అమ్మకాలు లెక్కేసే నీల్సన్ కంపెనీ లెక్క. అంతకుముందు దాకా రాకే ఫస్టు. ఆ ఏడు దిగిపోయింది. ఇంక వదిలెయ్.’

ఆర్ అండ్ బీ అంటే మా ఊళ్లో రోడ్లు భవనాల శాఖ. గుంతలు పూడ్చాల్సిన శాఖ పాటలు పాడుతోందంటే కమిషన్‌కు మొదట నమ్మకం కలగలేదు. కొంచెం ఆలోచిస్తే రోడ్లు ఎందుకలా ఉన్నాయో అర్థమైంది కూడా. అది రిథమ్ అండ్ బ్లూస్ అని, అమెరికా నల్లజాతివాళ్ల పాటల సంప్రదాయమని, రాక్ కూడా దాని కడుపున పుట్టిందేనని సాక్షి వివరించాక విచారణ ముందుకు సాగింది. అమ్మ చేతిలో కొడుకు ఓడిపోయాడన్నమాట. మన పంచాయతీ ఎన్నికల్లో ఇది మామూలే.

అయితే వాంగ్మూలంలో ఒక మాట కమిషన్ దృష్టిని దాటిపోలేదు. ‘కలిపి’ అన్నాడు. అంటే కూటమి! అవతల ఇద్దరు పొత్తు పెట్టుకుని పోటీ చేశారు, రాక్ ఒంటరిగా నిలబడింది. తేడా 3.7 శాతం. మన రాష్ట్రంలో ఇంతకంటే తక్కువ ఓట్ల తేడాతో ప్రభుత్వాలు మారాయి, అయినా ఓడిన పార్టీ చచ్చిపోయిందని ఎవరూ దినం పెట్టలేదు. పైగా ఫోన్లో ఊరికే విన్న పాటలన్నీ కలిపితేనే కూటమి గెలిచింది. జేబులోంచి డబ్బు తీసి ఆల్బమ్ కొన్నవాళ్ల లెక్కలో ఆ ఏడు కూడా రాకే పైన ఉంది. అంటే పోస్టల్ బ్యాలెట్లు మావి, ఈవీఎంలు వాళ్లవి. రీపోలింగ్ కోరే హక్కు కమిషన్‌కు ఉందో లేదో న్యాయ సలహా తీసుకోవాలి.

ఎవరు మొదటి స్థానమో తేలాలంటే ముందు లెక్క రాసినవాణ్ని పట్టుకోవాలి. ఇది నేను కనిపెట్టిన సూత్రం కాదు, మా వీధి చీటీల గొడవల్లో నేర్చుకున్నది.

1991 మే దాకా అమెరికాలో ఆల్బమ్‌ల జాబితా ఎలా తయారయ్యేదో వింటే మనవాళ్లకు సొంతూరు గుర్తొస్తుంది. బిల్‌బోర్డ్ పత్రికవాళ్లు షాపులకు ఫోన్లు చేసి, ఈ వారం ఏవి బాగా పోతున్నాయని అడిగేవాళ్లు. కౌంటర్లో ఉన్న కుర్రాడు ఏం చెబితే అది రాసుకునేవాళ్లు. వాడికి ఏది ఇష్టమో అది బాగా పోతున్నట్టు. ఏ కంపెనీ మనిషి మొన్న వచ్చి నవ్వుతూ మాట్లాడి వెళ్లాడో ఆ కంపెనీది ఇంకా బాగా పోతున్నట్టు. ఆ ఏడాది మే 25 నాటి జాబితా నుంచి బార్‌కోడ్ లెక్క వచ్చింది. జూన్‌లో ఎన్‌డబ్ల్యూఏ అనే ర్యాప్ గుంపు పైకెక్కి కూర్చుంది. సెప్టెంబరులో కంట్రీ అనే అమెరికా పల్లె బాణీ పాడే గార్త్ బ్రూక్స్ ఆల్బమ్ దిగుతూనే మొదటి స్థానం. అంటే అన్నాళ్లూ జనం ఆ పాటలు కొంటూనే ఉన్నారు, ఫోనెత్తినవాడే చెప్పలేదు.

1990ల్లో తిరుపతిలో సినిమా హాళ్ల ముందు నిలబడ్డవాళ్లెవరికీ ఇది కొత్త కథ కాదు. లోపల నాలుగు వరుసల జనం, బయట హౌస్‌ఫుల్ బోర్డు. వంద రోజుల పోస్టరు పడాలని అభిమానులు చందాలేసుకుని మార్నింగ్ షో ఒక్కటే ఆడించిన సినిమాలు ప్రతి హీరోకూ ఉన్నాయి. (మా హీరోకు లేవు. మిగతావాళ్లకు.) ఏ సెంటర్లో ఎంత షేరు వచ్చిందని లీలామహల్ దగ్గర కొట్టుకున్నవాళ్లు ఇవాళ బట్టతలలతో కలిసి వాకింగ్‌కు వెళ్తున్నారు, లెక్క మాత్రం ఇంకా తేలలేదు.

అలాగని బార్‌కోడ్ వచ్చి రాక్‌ను ముంచిందనడానికీ లేదు. 1992 జనవరిలో సియాటిల్ నుంచి చింపిరి జుట్లతో వచ్చిన ముగ్గురు కుర్రాళ్ల బ్యాండ్ నిర్వాణా, ఏకంగా మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ను పక్కకు నెట్టి పైకెక్కింది. బార్‌కోడ్‌కు పక్షపాతం లేదు. ఈ వాక్యాన్ని నివేదికలో పెద్ద అక్షరాల్లో వేయాలి.

ఇంక ప్లాటినం అనే బిరుదు గురించి. అమెరికాలో ఆల్బమ్ పది లక్షలు పోతే ఒక ప్లాటినం ఇస్తారు. ఇంగ్లండు రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘ది వాల్’ ఆల్బమ్‌కు 23 ప్లాటినాలున్నాయి. 2 కోట్ల 30 లక్షలు అనుకుంటాం కదా, కాదు. అందులో రెండు డిస్కులున్నాయి కాబట్టి ఒక్కో పెట్టెను రెండుగా లెక్కేశారు. కల్యాణం లడ్డూ బరువెక్కువని ఒక్కదాన్ని రెండు లడ్డూలుగా రిజిస్టరులో రాసుకున్నట్టు. 2016 నుంచి ఇంకో వింత కలిసింది. ఆల్బమ్‌లోని పాటలు ఫోన్లో 1,500 సార్లు మోగితే ఒక ఆల్బమ్ అమ్ముడైనట్టే. మా మేనల్లుడు నచ్చిన పాటను రోజుకు నలభైసార్లు వింటాడు. నెలా ఎనిమిది రోజులకు వాడొక ఆల్బమ్ ‘కొన్నట్టు’. వాడి జేబులోంచి రూపాయి కదల్లేదు. నేను 1994లో ఒక్క కేసెట్ కోసం మూడు వారాలు టిఫిన్ మానేశాను. ఆ మూడు వారాల ఆకలిని ఎన్ని స్ట్రీమ్‌లుగా లెక్కేస్తారో చెప్పమని సాక్షిని అడిగితే, ‘మామా, నువ్వు ఎమోషనల్ అవుతా ఉండావు’ అన్నాడు. ఆ మాటను రికార్డుల నుంచి తొలగించాం.

అయినా మా దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. 2018 ఆగస్టులో అమెరికా బ్యాండు ఈగల్స్ వాళ్ల 1971-75 హిట్ల సంకలనం 38 ప్లాటినాలతో, అప్పటికి 33 ఉన్న మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను దాటి అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. దీనికి మేనల్లుడి అభ్యంతరం ఏమిటంటే, ఈగల్స్ అసలు రాక్ కాదట, సగం కంట్రీ అట. ఇలాంటివి తహసీల్దారు ఆఫీసులో నేటివిటీ సర్టిఫికెట్‌తో తేలాలి తప్ప టీ బంకు దగ్గర తేలవు. ఓడిన ‘థ్రిల్లర్’లో మాత్రం పేరుమోసిన ఆ గిటారు మెరుపు వాయించింది ఎడ్డీ వాన్ హేలెన్, నూటికి నూరుపాళ్లూ మావాడు. పైసా తీసుకోకుండా వాయించి వెళ్లాడు. రాక్ వాణిజ్యం ఎందుకు దెబ్బతిన్నదో వెతకడానికి నీల్సన్ దాకా పోనక్కర్లేదేమో అని చైర్మన్‌గారికి ఆ ఒక్క క్షణం అనిపించింది.

రెండో సాక్షి మా వెనక వీధిలో లారీలు తిప్పే పెద్దమనిషి. ఆయన్ను నేను పిలవలేదు. ‘రాక్ మార్కెట్ పడిపోయిందంట కదా, విచారణ చేస్తా ఉండావంట’ అని తనే వచ్చి కూర్చున్నాడు. అరగంట మాట్లాడాడు. పాత రాయికి ఉండే గిరాకీ కొత్త రాయికి లేదన్నాడు. కొత్తగా తవ్వేవాళ్లు చాలామంది వచ్చారు గానీ సరుకులో దమ్ము లేదన్నాడు. పైపైన పాలిష్ కొడితే ఫోటోల్లో బాగుంటుంది, పైన నీళ్లు పడితే అసలు రంగు తెలుస్తుందన్నాడు. ఇప్పటి జనం బరువు మోయలేరు, అంతా పల్చటిదే అడుగుతున్నారన్నాడు. ఇంత లోతైన సంగీత విమర్శ నేను ఏ పత్రికలోనూ చదవలేదు. చేతులెత్తి నమస్కరించబోతుండగా ఆయన ‘ఎంతైనా మన కుప్పం గ్రీన్ కుప్పం గ్రీనే’ అన్నాడు. అప్పుడర్థమైంది, ఆయన చెప్పేది గ్రానైటు సంగతి. అయినా వాంగ్మూలంలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా జతపరిచాను. అమెరికాలో పద్దెనిమిది నెలలు దాటిన పాటను ‘కాటలాగ్’ అని విడిగా లెక్కేస్తారు. రాక్ డబ్బంతా ఆ పాత క్వారీలోంచి వచ్చేదే. అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 2021లో తన పాత పాటల హక్కులన్నీ సోనీకి అమ్మితే 50 కోట్ల డాలర్ల దాకా పలికిందని వార్తలొచ్చాయి. కొత్తగా తవ్వేవాడికి అడ్వాన్సు ఇచ్చేవాడే కరువు.

ఇక క్షేత్రస్థాయి విచారణ. గాంధీ రోడ్డులో సాయంత్రం ఆరు దాటాక టీషర్టుల తోపుడుబండి. హ్యాంగర్లకు తగిలించి రాక్ చరిత్ర అంతా గాలికి ఊగుతోంది.

‘ఇదేం బొమ్మ?’ అన్నాను.

‘నాలిక బొమ్మన్నా. బాగా పోతాది.’

‘ఎవరిదో తెలుసా?’

‘తెల్దు. కొనేవాళ్లకూ తెల్దు. తెల్సినోళ్లు కొనరు, ఇట్టా నిలబడి మాకే కథలు చెప్తారు.’

కమిషన్ ఈ అవమానాన్ని దిగమింగి, అది రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లండు బ్యాండు గుర్తు అని చెప్పింది. వాడు తల అడ్డంగా ఊపాడు. ‘అది అమ్మవారి నాలికన్నా. జాతరప్పుడు రెండు డజన్లు దానిమీదే పోయినాయి.’

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. 1970లో ఆ గుర్తు గీసినవాడు జాన్ పాష్ అనే లండన్ విద్యార్థి. గుర్తు కావాలని పిలిచిన ఆ బ్యాండు గాయకుడు మిక్ జాగర్, ఇలాంటిదేదో ఉండాలని చేతిలో పెట్టి చూపించింది కాళికాదేవి బొమ్మ. పాష్‌కు ముట్టిన కూలి 50 పౌండ్లు. 2008లో ఆ అసలు బొమ్మను లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 92,500 డాలర్లు పెట్టి కొనుక్కుంది. అంటే లండన్ మ్యూజియానికి తెలిసిన రహస్యం గాంధీ రోడ్డు బండివాడికీ తెలుసు, మధ్యలో నాకే తెలియనట్టుంది వ్యవహారం. రేటు 250 చెప్పాడు. 180కి తెగింది. కాబట్టి ఈ కమిషన్ అధికారికంగా నిర్ధారించిన రాక్ ధర 180 రూపాయలు. అందులో సంగీతం ఎంత, గుడ్డ ఎంత అన్నది జీఎస్టీవాళ్లు చూసుకుంటారు. నిర్వాణా వాళ్ల నవ్వు మొహం చొక్కా కూడా ఉంది. కళ్ల స్థానంలో ఇంటూ గుర్తులు, పక్కకు వాలిన నాలుక. దాన్ని వాడు ‘తాగినోడి బొమ్మ’ అంటాడు. అదే రేటు.

అమ్మవారి మాట వచ్చింది కాబట్టి ఒక నిజం ఒప్పుకోవాలి. రాక్ బ్యాండులు మొహాలకు రంగులు పూసుకుని, మగవాళ్లు ఆడవేషాలు కట్టి, ప్రపంచాన్ని అదరగొట్టామని చెప్పుకునేది 1970ల సంగతి. మా తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఆ పని తాతముత్తాతల కాలం నుంచీ జరుగుతోంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. ఒళ్లంతా నామపు సుద్ద రాసుకున్నవాడొకడు, బొగ్గు పూసుకున్నవాడొకడు. మీసాలున్న మగవాడు పట్టుచీర కట్టి, జడ వేసి, పూలు పెట్టి ఆటోలో దిగుతాడు. పక్కింటావిడ జాకెట్టు సరిచేస్తుంది. వేషం కట్టి బూతులు తిట్టడం మొక్కు. ఇంగ్లండులో 1976లో పంక్ అనే మొరటు రాక్ బాణీ కుర్రాళ్లు టీవీలో నాలుగు బూతులు మాట్లాడితే దేశం గగ్గోలు పెట్టింది; ఇక్కడ అదే పనికి పెద్దవాళ్లు దీవించి డబ్బులిస్తారు. పాలెగాడు దాక్కుంటే వాణ్ని పట్టుకోవడానికి అమ్మవారు వేషాలు మార్చి తిరిగిందని కదా కథ. కంపెనీ లేదు, కాంట్రాక్టు లేదు, మేనేజరు లేడు.

ఇంకో సంగతి. 1964లో లండన్ దగ్గర హారోలో ద హూ బ్యాండు పీట్ టౌన్‌షెండ్ స్టేజీ మీద గిటారు విరగ్గొట్టాడు. ఆ తర్వాత అది పెద్ద ఫ్యాషన్ అయింది. జాతర చివరి రోజు తెల్లవారుజామున గంగమ్మ విశ్వరూపం, అంతెత్తు మట్టి మూర్తి, చెంప నరుకుతారు. ఆ మట్టి పిడికెడు దొరికితే చాలని జనం తోసుకుంటారు. విరగ్గొట్టిన గిటారు వేలంలో కొనుక్కునే కోటీశ్వరుడికీ, ఆ మట్టి కొంగున కట్టుకుని పోయే ముసలమ్మకూ తేడా ఏమిటని కమిషన్ చాలాసేపు ఆలోచించింది. ముసలమ్మకు ఖర్చు లేదు. ఇంతకుమించి ఆ సిట్టింగులో ఏమీ తేలలేదు, వడలు కూడా అయిపోయాయి.

ఇప్పుడు నా జుట్టు సంగతి.

రాక్ సంగీతానికి మూలధనం జుట్టు. మాకు గిటారు ఒకటే ఉండేది, అదీ అరువుది. డ్రమ్ములు లేక ట్రంకుపెట్టెలు వాయించేవాళ్లం. జుట్టు మాత్రం నలుగురికీ భుజాల దాకా ఉండేది. బ్యాండుకు పేరు మీద గొడవపడి గొడవపడి, పేరు పెట్టకముందే బ్యాండు విడిపోయింది. కారణం అభిప్రాయభేదాలు కాదు. మా అమ్మ. నాకు ఉద్యోగం వస్తే తల నీలాలు ఇప్పిస్తానని కొండకు మొక్కుకుంది, నాకు చెప్పకుండా. బ్యాంకు పరీక్ష పాసయ్యాను. కల్యాణకట్టలో కూర్చుంటే ఐదేళ్ల రాక్ సంగీతం రెండు నిమిషాల్లో నీళ్లలో తడిసి కిందపడింది. ఆ జుట్టును తిరుమల తిరుపతి దేవస్థానం వేలం వేస్తుంది, కోట్లలో పలుకుతుంది. కాబట్టి మా బ్యాండు మొత్తం చరిత్రలో నికరంగా అమ్ముడుపోయిన సరుకు ఒక్కటే, అది నా జుట్టు. డబ్బు స్వామి ఖాతాలో జమ అయింది. మళ్లీ మొలిచింది గానీ మునుపటి మాదిరి కాదు. తర్వాత అదీ రాజీనామా చేసింది.

2007 మార్చి 17న ఇంగ్లండు రాక్ బ్యాండు ఐరన్ మెయిడెన్ వాళ్లు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వస్తున్నారని తెలిసి, ఆఫీసులో జ్వరమని చెప్పి, నల్ల చొక్కా వేసుకుని ఆర్టీసీ బస్సెక్కాను. చిత్తూరులో ఎక్కిన ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, లేచి కిటికీ సీటు ఇచ్చాడు. పలమనేరులో అరటిపండ్లు కొనిపెట్టాడు. ములబాగల్ దాటాక మెల్లగా అడిగాడు, ‘మార్చిలో మాల వేసుకున్నారేంది స్వామీ, కఠినమైన దీక్షేనా?’ అవునన్నాను. ఆ రాత్రి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో నాలాంటి నల్ల చొక్కాల స్వాములు వేలల్లో ఉన్నారు. దేశంలో రాక్ చచ్చిపోయిందని ఎవరన్నా అంటే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. మేనల్లుడు దీన్ని సాక్ష్యంగా ఒప్పుకోలేదు. ఆ ఒక్క రాత్రి తర్వాత ఎన్ని టిక్కెట్లు కొన్నావు మామా, అన్నాడు. ప్రశ్న విచారణాంశాల పరిధిలోకి రాదు.

మన దగ్గర నిలకడగా డబ్బు చేసేది సినిమా పాట. దాని ముందు అన్ని సంగీతాలూ అద్దెకున్నవాళ్లే. రాక్‌ను కూడా సినిమా ఒక గదిలో పెట్టి పోషిస్తోంది: హీరో కాలేజీకి వచ్చేటప్పుడు ఒక గిటారు, విలన్ చచ్చేటప్పుడు ఒక గిటారు. ‘రాక్‌స్టార్’ అనేది మన దగ్గర బిరుదు, కళాప్రపూర్ణ లాగా. వృత్తితో సంబంధం లేదు.

ఇది పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా కట్టే ఒకాయన మాటల్లో ఇంకా తేటతెల్లమైంది. ఆయన దగ్గర రెండు రేట్లున్నాయి, గిటారుతో ఒకటి, గిటారు లేకుండా ఒకటి.

‘అంటే గిటారు ఉంటే సౌండు బాగుంటుందనా?’

‘సౌండు కీబోర్డులోంచి వస్తాది సార్. పాట పెన్‌డ్రైవ్‌లో ఉంటాది. గిటారు స్టేజీ మీద ఫోటోకి.’

‘మరి వాయించేవాడు?’

‘వైరు యాడా పెట్టం కదా సార్. ఎవురైనా వాయిస్తారు.’

నాకు ముప్పై ఏళ్ల తర్వాత తొలి అవకాశం అలా వచ్చింది. చంద్రగిరి దగ్గర ఒక రిసెప్షన్, మనిషి రాలేదు, ‘కమిషన్ సారూ, ఊరికే నిలబడతారా’ అన్నాడు. నిలబడ్డాను. వైరు లేని గిటారు మీద ప్రాణం పెట్టి వాయించాను. ఎవరికీ వినబడలేదు. పెళ్లికొడుకు బాబాయి వచ్చి నా చేతిలో ఐదొందలు పెట్టి, ‘నీ మాదిరి డిస్టబ్బు చేయకుండా వాయించేవాళ్లు లేరబ్బా’ అన్నాడు. నా సంగీత జీవితంలో అది తొలి సంపాదన. రాక్ వాణిజ్య వృద్ధిరేటును లెక్కించేటప్పుడు సున్నా నుంచి ఐదొందలకు పెరగడాన్ని ఎంత శాతం అనాలో మేనల్లుణ్ని అడిగితే, సున్నాతో భాగించకూడదు మామా అన్నాడు.

విచారణలో నన్ను బాగా కలవరపెట్టిన కాగితం మరొకటుంది. 2024లో రోలింగ్ స్టోన్స్ అమెరికా యాత్రకు స్పాన్సర్ ఎవరు? సిగరెట్ కంపెనీ కాదు, మోటారుసైకిల్ కంపెనీ కాదు. యాభై దాటినవాళ్ల సంఘం, ఏఏఆర్‌పీ. మిక్ జాగర్‌కు అప్పటికి ఎనభై. మన పెన్షనర్ల సంఘం బ్యానర్ కింద, డీఏ బకాయిల తీర్మానానికీ షుగరు పరీక్షల శిబిరానికీ మధ్య, ఆయన గెంతుతున్నట్టు ఊహించుకోండి. బకాయిలంటే గుర్తొచ్చింది, రమోన్స్ అనే బ్యాండు తొలి ఆల్బమ్ 1976లో వచ్చింది. ఐదు లక్షలు దాటితే ఇచ్చే గోల్డు గుర్తింపు 2014లో వచ్చింది, ముప్పై ఎనిమిదేళ్లకు. అప్పటికి ఆ నలుగురిలో ముగ్గురు పోయారు. రిటైరైన ఏ గుమాస్తాకైనా చెప్పండి ఈ కథ, ‘మావాళ్లే’ అంటాడు. ఇంతమంది పెన్షనర్లున్న ఊళ్లో రాక్‌కు ఆదరణ ఎందుకు లేదో అంతుబట్టదు.

నివేదిక చివరి అధ్యాయం రాయడానికి తెల్లవారుజామున నాలుగున్నరకు లేచాను. రాయదలచుకున్నది సిద్ధంగా ఉంది. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 1973 ఆల్బమ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ 1988 దాకా మొత్తం 741 వారాలు బిల్‌బోర్డ్ జాబితాలో ఉంది. పద్నాలుగేళ్లకు పైన, రాముడి వనవాసం కంటే కాస్త ఎక్కువ. ఇన్ని వారాల్లో మొదటి స్థానంలో ఉన్నది ఒక్క వారం. మన్నిక అంటే ఇదీ, ఇంకే సంగీతానికి ఉందీ నిలకడ, అని కలం పెట్టబోతున్నాను. పక్కింట్లో సుప్రభాతం మొదలైంది. దాని వెనకే ఎదురింట్లో. ఆ వెనక వీధి మైకులో. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతు, 1963 నాటి రికార్డు. స్తోత్రమైతే పదిహేనో శతాబ్దపు ప్రతివాది భయంకరం అణ్ణన్‌ది. ఇది ఎన్ని వారాలుగా మొదటి స్థానంలో ఉందో లెక్కేద్దామని కాగితం తీశాను, ఆపేశాను. మేనల్లుడు వస్తే అడ్డం పడాలి కదా అని దాని బలహీనత కూడా వెతికాను, దొరికింది. ధనుర్మాసంలో కొండ మీద సుప్రభాతం ఉండదు, ఆ నెల రోజులూ ఆండాళ్ తిరుప్పావై. అంటే ఏటా ఒక నెల రెండో స్థానానికి దిగుతుంది! దాన్ని దించింది కూడా ఎవరో పడుచుపిల్ల పాట! ఈ అంశాన్ని ఎర్రసిరాతో రాసుకున్నాను.

కాటలాగ్ విషయంలోనూ మా ఊరితో పెట్టుకోవడం కష్టమే. అన్నమయ్య 32,000 సంకీర్తనలు రాశాడని అంటారు. వాటిని రాగిరేకుల మీద చెక్కించి గుడిలో ఒక రాతి అరలో పెట్టి మూసేశారు. మళ్లీ 1922 ప్రాంతంలో గానీ లోకానికి తెలియలేదు. నాలుగు వందల ఏళ్లు రాయల్టీ అడగకుండా, రీమిక్స్ చేయకుండా, చీకట్లో ఊరికే కూర్చున్నాయి. రాజు తన మీద పాడమంటే పాడనన్నందుకు సంకెళ్లు వేశారని కథ కూడా ఉంది. ఏ రాక్ గాయకుడి ప్రచార విభాగానికైనా కడుపు మండే కథ. ఇవాళ వాటిలో చాలా పాటలు ప్రతి ఇంటి పిల్లలకూ నోటికొచ్చు. బ్యాండుకు పేరు పెట్టక విడిపోయిన నేను ఈ పేరా ఎలా ముగించాలో తెలియక టీ పెట్టుకున్నాను.

ఆ రోజు నివేదిక సమర్పించాలి. సందర్భానికి తగ్గట్టు ఉంటుందని 180 రూపాయల నాలుక చొక్కా వేసుకుందామని చూస్తే దండెం మీద ఆరేసి ఉంది.

‘గంగమ్మ చొక్కా నాయనా, మైల పడి ఉండాదని నేనే పసుపు నీళ్లలో ఉతికినా’ అంది అమ్మ.

చొక్కా భేషుగ్గా ఉంది. నాలుక లేదు. ఎర్రటి తొక్కలు నాలుగు బకెట్లో తేలుతున్నాయి. పెదాలు మిగిలాయి, అవీ పసుపుపచ్చగా. మెటీరియల్ ఎవిడెన్సు ధ్వంసమైందని బకెట్టుతో సహా గాంధీ రోడ్డుకు వెళ్లాను. బండివాడు చొక్కాను అటూ ఇటూ తిప్పి చూశాడు, కుట్లు లాగి చూశాడు, వెలుతురుకు పట్టి చూశాడు.

‘గుడ్డకే గ్యారంటీ అన్నా’ అన్నాడు. ‘నాలిక్కి లేదు.’